రోడ్డెక్కిన ట్రాక్టరు: పోలీసు అధికారం ఎంత, మన బాధ్యత ఎంత?

(వడ్ల కొనుగోలు సీజనుకు ముందు మండల కేంద్రంలో జరిగిన అవగాహన సదస్సులో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, తరుగు పేరుతో జరిగే కోత గురించి, కరెంటు గురించి మన సమావేశాల్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. కల్లంలో వడ్లు కుప్ప పోసిన దగ్గర్నుంచి కాంటా అయ్యేదాకా మధ్యలో ఒక రోడ్డు ఉంటుంది. ఆ రోడ్డు గురించి మాత్రం ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు. ఈరోజు మాట్లాడుకుందాం. ఎందుకు మాట్లాడాల్సి వచ్చిందో ముందు చెబుతాం.

గత యాసంగిలో మన సభ్యుడొకరు వడ్లు నింపిన ట్రాలీని కొనుగోలు కేంద్రానికి పంపించాడు. నడిపింది ఆయన కొడుకు. ఇరవై రెండేళ్ల పిల్లవాడు, పనిమంతుడు, కానీ లైసెన్సు లేదు. దారిలో తనిఖీ చేస్తున్న పోలీసులు ఆపారు. లైసెన్సు లేదనగానే బండి పక్కన పెట్టించారు. ఆ రాత్రి అకాల వాన పడింది. మీద పట్టా సరిగా లేదు. తెల్లారేసరికి పైవరస బస్తాలు నానిపోయాయి. కాంటా దగ్గర తేమ ఎక్కువుందని దించుకోలేదు. మళ్లీ ఆరబోసి, మళ్లీ ఎత్తి, మళ్లీ కిరాయి పెట్టుకుని ఆ రైతు వారం రోజులు తిరిగాడు.

సంగతి తెలిసి మరునాడు పొద్దున మేము పదిమందిమి అక్కడికి పోయాం. "వడ్ల బండిని ఆపే హక్కు మీకెక్కడిది?" అని గట్టిగానే అరిచాం. ఆ తర్వాత చట్టం పుస్తకం తెప్పించి చదివాం. చదివితే రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఆపే హక్కు, బండిని నిలిపి ఉంచే హక్కు వాళ్లకు ఉన్నాయి. మేము అరిచింది తప్పు. రెండు, బండిని నిలపకుండా ఆర్‌సీ మాత్రమే తీసుకుని రసీదు ఇచ్చి పంపే వీలు కూడా అదే సెక్షన్‌లో ఉంది. అది మేము అడగలేదు, మాకు తెలియదు కాబట్టి. వాళ్లు చెప్పలేదు. ఆ ఒక్క వాక్యం ముందే తెలిసి ఉంటే అడిగేవాళ్లం, ఆ వడ్లు తడవకుండా పోయేవేమో. అందుకే ఈ సదస్సు.

ఎవరు ఎవరో తెలుసుకోవాలి

రోడ్డు మీద ఆపేవాళ్లంతా ఒకటి కాదు. ట్రాఫిక్ పోలీసులు ఉంటారు. స్టేషన్ పోలీసులు ఉంటారు. రవాణా శాఖకు చెందిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, అంటే మనం బ్రేక్ ఇన్‌స్పెక్టరు అని పిలిచే ఆయన ఉంటాడు. వాళ్లతోపాటు హోంగార్డులు ఉంటారు.

వీళ్లందరి పనికీ ఆధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. 2019లో దాన్ని సవరించి జరిమానాలు బాగా పెంచారు. ఆ చట్టం చాలాచోట్ల వాడిన మాట 'యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి'. అంటే మన ఊరి స్టేషన్ ఎస్ఐ యూనిఫాంలో ఉండి లైసెన్సు అడిగినా చూపించాల్సిందే, నువ్వు ట్రాఫిక్ వాడివి కాదుగదా అనడానికి లేదు. సివిల్ బట్టల్లో వచ్చి అడిగితే మాత్రం గుర్తింపు కార్డు చూపమని మర్యాదగా అడగవచ్చు. హోంగార్డు వాహనాల రాకపోకలు సరిచేయడానికి సాయపడే మనిషి. ఆయన చేయి చూపితే ఆగాలి. ఆయన చేతికి జరిమానా డబ్బు మాత్రం ఇవ్వకూడదు.

రాకపోకలు నియంత్రించే పోలీసు ఇచ్చే ఆదేశాన్ని డ్రైవరు పాటించాలని సెక్షన్ 119 చెబుతుంది. ఈ దారిన పోవద్దు, ఇక్కడ నిలపొద్దు, కాసేపు ఆగు అంటే వినాలి. న్యాయమైన ఆదేశాన్ని కాదంటే సెక్షన్ 179 కింద అదే ఒక నేరం. వాదన ఉంటే బండి పక్కన ఆపిన తర్వాత వాదించాలి.

కాగితాలు

యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపాలని సెక్షన్ 130 చెబుతుంది. ఆర్‌సీ, ఇన్సూరెన్సు కూడా చూపాలి. అయితే కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 139వ నియమం మనకు పనికొచ్చేది. కాగితాలు ఫోన్‌లో చూపినా చెల్లుతాయి. డిజీలాకర్‌లోగానీ ఎంపరివాహన్‌లోగానీ ఉంటే చాలు. 2020 అక్టోబరు నుంచి అమలైన సవరణ ప్రకారం ఫోన్‌లో చూపినవి సరైనవని తేలితే అసలు కాగితమే కావాలని పట్టుబట్టకూడదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫొటో మాత్రం దీని కిందికి రాదు.

చేతిలో కాగితం లేకపోయినా నిజంగా ఇంట్లో ఉంటే, ధ్రువీకరించిన నకలును 15 రోజుల్లో స్వయంగానో రిజిస్టర్డ్ పోస్టులోనో పంపే వీలు కూడా ఆ నియమంలోనే ఉంది. ఇన్సూరెన్సు సర్టిఫికెట్ అయితే ఏడు రోజుల్లో చెప్పిన స్టేషన్‌లో చూపిస్తే, అప్పుడు చూపలేదన్న ఒక్క కారణంతో శిక్ష వేయరాదని సెక్షన్ 158 చెబుతుంది. గమనించండి, కాగితం ఉండి చూపలేకపోవడం వేరు, కాగితమే లేకపోవడం వేరు. ఇన్సూరెన్సు అసలే లేకపోతే సెక్షన్ 196 కింద మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ.

మన లైసెన్సును పోలీసు తీసుకోవచ్చా? సెక్షన్ 206 ప్రకారం కొన్ని సందర్భాల్లో తీసుకోవచ్చు. కాగితం దొంగదని అనుమానించడానికి కారణం ఉన్నప్పుడు, కేసు పెట్టిన మనిషి పారిపోతాడనుకున్నప్పుడు, తాగి నడపడం, ప్రమాదకరంగా నడపడం వంటి నేరాలప్పుడు. తీసుకుంటే రసీదు ఇవ్వాలి. లైసెన్సు తిరిగొచ్చేదాకా ఆ రసీదు మీద చెప్పిన గడువు వరకు బండి నడుపుకోవచ్చు. రసీదు లేకుండా లైసెన్సు అక్కడ వదిలి రావద్దు.

బండిని ఎప్పుడు నిలపవచ్చు

ఇది సెక్షన్ 207. అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. బండిని స్వాధీనం చేసుకుని నిలిపి ఉంచడానికి చట్టం లెక్కపెట్టి కారణాలు చెప్పింది. నడిపేవాడికి లైసెన్సు లేకపోవడం, వయసు చాలకపోవడం, బండికి రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ కావలసిన బండికి పర్మిట్ లేకపోవడం, పర్మిట్ షరతులు మీరడం. ఇన్సూరెన్సు అయిపోయిందన్నది ఈ జాబితాలో లేదు. దానికి కేసు ఉంటుంది, జరిమానా ఉంటుంది. ఈ సెక్షన్ కింద బండిని నిలపడం మాత్రం ఉండదు.

ఇక మేము చదవకుండా పోయిన వాక్యం. లైసెన్సు లేదనో, వయసు లేదనో, పర్మిట్ లేదనో అనుకున్నప్పుడు అధికారి బండికి బదులు ఆర్‌సీని తీసుకుని రసీదు ఇవ్వవచ్చు. 'వచ్చు' అని ఉంది, 'ఇచ్చి తీరాలి' అని లేదు. అది అధికారి విచక్షణ. అయినా అడగడానికి మనకు ఆధారం ఉంది. "సార్, తప్పు మాదే. బండిలో వడ్లున్నాయి. సెక్షన్ 207 ప్రకారం ఆర్‌సీ పెట్టుకుని రసీదు ఇవ్వండి. లైసెన్సున్న మనిషిని పిలిపించి బండి తోలిస్తాం" అనాలి. ఇలా అడిగితే కాదనే అధికారులు తక్కువే ఉంటారని మా నమ్మకం. రిజిస్ట్రేషనే లేని ట్రాక్టరుకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. కొని ఏళ్లయినా ట్రాలీకి నంబరు వేయించని వాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. వాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాం.

నిలిపిన బండిని విడిపించుకోవడానికి యజమాని కాగితాలతో రవాణా అధికారికి గానీ, ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారికి గానీ దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తు రాతపూర్వకంగా ఉండాలి. ఇంకొక మాట. బండిని నిలిపే అధికారం చట్టంలో ఉంది గానీ నడుస్తున్న బండి తాళంచెవి లాక్కోమని ఏ సెక్షనూ చెప్పదు. అలా జరిగితే తోపులాటకు దిగకండి. సమయం, చోటు, అధికారి పేరు పలక రాసుకుని సంఘానికి చెప్పండి. మేము పై అధికారికి రాస్తాం.

డబ్బు సంగతి

జరిమానా అక్కడికక్కడ తీసుకుని కేసు ముగించడాన్ని రాజీ చేయడం అంటారు. దానికి సెక్షన్ 200 ఆధారం. ఏ హోదా అధికారి ఏ నేరానికి ఎంత తీసుకోవచ్చో రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌లో చెప్పాలి. అందుకే తెలంగాణలో ఒక లెక్క, ఆంధ్రప్రదేశ్‌లో ఒక లెక్క. చలాన్ చేతికి రాగానే ముందు సెక్షన్ నంబరు చూడండి, తర్వాతే మొత్తం చూడండి.

రాజీ అనేది మన ఇష్టం మీద ఉంటుంది. తప్పు చేయలేదనుకుంటే "కోర్టులో చెప్పుకుంటాం" అనవచ్చు. రసీదు, చలాన్ నంబరు లేకుండా చేతిలో పెట్టే డబ్బు జరిమానా కాదు, లంచం. ఇచ్చినవాడికీ అది మంచిది కాదు. తాగి నడిపిన కేసును రోడ్డు మీద ముగించడం కుదరదు, కోర్టుకు పోవాల్సిందే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ నేరంలో వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం కూడా పోలీసుకు ఉంది.

చట్టం వాళ్లకూ వర్తిస్తుంది. 2019 సవరణలో వచ్చిన 210బీ సెక్షన్ ప్రకారం, ఈ చట్టాన్ని అమలు చేయాల్సిన వాళ్లే దాన్ని ఉల్లంఘిస్తే జరిమానా రెట్టింపు. ఇది ఎగతాళికి చెప్పడం లేదు. నియమం అందరికీ ఒకటేనని చెప్పడానికి చెబుతున్నాం.

ట్రాక్టరుకు ప్రత్యేకం

మన ట్రాక్టరును చట్టం ఎలా చూస్తుంది? కేంద్ర నియమాల ప్రకారం వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనం కాదు. సొంత పంటను, ఎరువును, విత్తనాన్ని తోలుకునే రైతును లారీవాడిని అడిగినట్లు పర్మిట్ అడగడం సరికాదు. ఖాళీ బరువు 7,500 కిలోలు దాటని ట్రాక్టరు తేలికపాటి మోటారు వాహనం కిందికి వస్తుంది. మన దగ్గర తిరిగే ట్రాక్టర్లన్నీ ఆ లోపువే. అందుకని ఎల్ఎంవీ లైసెన్సు చాలు. ట్రాలీ తగిలించి సరుకు వేసినంత మాత్రాన ట్రాక్టరు లైసెన్సు పనికిరాకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను ఎల్ఎంవీ లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా తేల్చింది.

అదే ట్రాక్టరుతో కిరాయికి ఇటుక తోలితే, ఇసుక తోలితే లెక్క మారుతుంది. సరుకు రవాణాకు వాడే ట్రాక్టరు ట్రాలీ సరుకు వాహనమే, పర్మిట్ కావాలి అని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్సులోనూ అంతే. 2004 నాటి ఒక తీర్పు చూడండి. కూరగాయల వ్యాపారి ఒకరు సరుకు కొని ట్రాక్టరు ట్రాలీలో వేసుకుని పోతూ ప్రమాదంలో చనిపోయారు. కూరగాయలు పంటే కదా అన్నారు. పంటే కావచ్చు, కానీ ఒకరి వ్యాపారానికి సరుకు మోయడం వ్యవసాయ పని కాదు, కాబట్టి బీమా కంపెనీది బాధ్యత కాదు అని కోర్టు తేల్చింది. వ్యవసాయ పాలసీ తీసుకుని కిరాయికి తిప్పే ప్రతివాళ్లూ ఈ తీర్పు గుర్తుంచుకోవాలి. పరిహారం కట్టాల్సి వస్తే కంపెనీ తప్పుకుంటుంది, పట్టా పాసుపుస్తకం ముందుకు వస్తుంది.

పాత ట్రాక్టరు అమ్మినవాళ్లకూ ఒక మాట. తెల్లకాగితం మీద రాసుకుని తాళం ఇచ్చేస్తే అమ్మకం అయిపోయిందనుకుంటాం. ఆర్‌సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో యజమాని మీరే అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. ఆ బండి ఎవరి చేతిలో ఎవరిని గుద్దినా నోటీసు మీ ఇంటికే వస్తుంది. రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి.

మన తప్పులు మనమే చెప్పుకోవాలి

ఇప్పటిదాకా పోలీసు ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో చెప్పుకున్నాం. ఇక మన వైపు చూద్దాం.

పద్నాలుగేళ్ల పిల్లవాడు ట్రాక్టరు తోలితే ఊళ్లో మెచ్చుకుంటాం. సొంత చేలో దున్నేటప్పటి సంగతి వేరు. డాంబరు రోడ్డెక్కితే అది బహిరంగ స్థలం, మార్కెట్ యార్డు కూడా అంతే. పద్దెనిమిది నిండనివాడు నడిపి నేరం జరిగితే 199ఏ సెక్షన్ కింద తండ్రి మీద గానీ బండి యజమాని మీద గానీ కేసు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

వడ్లు రోడ్డు మీద ఆరబోస్తాం. రాళ్లు అడ్డం పెడతాం. రాత్రి ఆ రాళ్లకు తగిలి పడేది మనలాంటి ఇంటి పిల్లవాడే. బహిరంగ దారికి అడ్డం కల్పిస్తే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. కల్లాలు చాలక రోడ్డెక్కుతున్నామన్నది నిజం. ఉపాధి హామీ నిధులతో కల్లాలు కట్టడం మీద కేంద్రం, రాష్ట్రం తగాదా పడ్డాయి తప్ప రైతు గురించి ఆలోచించలేదు. ఆ పోరాటం చేద్దాం. కల్లం వచ్చేదాకా రాళ్లు మాత్రం పెట్టవద్దు, చీకటి పడేసరికి కుప్ప చేసి రోడ్డు ఖాళీ చేద్దాం.

అన్నిటికన్నా పెద్ద తప్పు ట్రాలీలో కూలీలను తీసుకుపోవడం. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర ట్రాక్టరు కాలువలో పడి మిరప చేనుకు పోతున్న తొమ్మిది మంది కూలీలు చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర మూసీ కాలువలో ఇంకో ట్రాక్టరు పడింది. 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడకూలీలే. మూడు నెలల్లోపు రెండు ఊళ్లు. పొద్దున్నే సద్ది కట్టుకుని పోయినవాళ్లు.

ట్రాలీ మనుషులు ఎక్కడానికి చేసింది కాదు. పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండదు. బోల్తా పడితే మీదే పడుతుంది. చనిపోయిన కూలీ కుటుంబం పరిహారం అడిగితే, ట్రాలీలో మనుషులకు మా పాలసీ వర్తించదు అని బీమా కంపెనీ వాదిస్తుంది. అటు కూలీ ఇల్లు గడవదు, ఇటు ట్రాక్టరు రైతుకు భూమి మిగలదు.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. కూలీల ట్రాలీని పోలీసులు ఆపితే ఇంతకాలం మాకు ఫోన్ వచ్చేది. మేము స్టేషన్‌కు ఫోన్ చేసి, నాట్ల రోజులు సార్, వదిలేయండి అని విడిపించేవాళ్లం. అది సంఘం చేసిన సాయం అనుకున్నాం. ఆ రెండు కాలువల సంగతి మళ్లీ చదివిన తర్వాత అది సాయం కాదని తెలిసింది. ఇకమీదట ఆ ఫోన్ మేము చేయం. ఈ మాట అందరి ముందు చెబుతున్నాం. కోపం వస్తే మమ్మల్ని అడగండి, సమాధానం చెబుతాం.

ఊరేగింపులు

సంఘం కాబట్టి ఈ సంగతీ చెప్పాలి. ట్రాక్టర్ల ర్యాలీ తీస్తే దారి, సమయం నిర్ణయించే అధికారం 1861 నాటి పోలీసు చట్టం సెక్షన్ 30 కింద పోలీసులకు ఉంది. క్రమబద్ధం చేయడం వేరు, నిషేధించడం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 జనవరి 2న రోడ్ల మీద సభలకు అడ్డుకట్ట వేస్తూ జీవో 1 తెస్తే, ఆ ఏడాది మేలో హైకోర్టు కొట్టేసింది. కాబట్టి ముందుగా దరఖాస్తు పెడదాం, దారి అడుగుదాం, అంబులెన్సుకు చోటు వదులుదాం. అన్నీ చేశాక కూడా కాదంటే రాతపూర్వకంగా కారణం అడుగుదాం.

సంఘటితంగా అడిగితే చట్టమైనా ఆగుతుందని డ్రైవర్లు చూపించారు. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలు అన్న 106(2) నిబంధన మీద 2024 జనవరి మొదట్లో దేశమంతా లారీలు ఆగాయి. జూలై 1న కొత్త చట్టం వచ్చినా ఆ ఒక్క నిబంధనను అమల్లోకి తేలేదు. అలాగని ప్రమాదం జరిగితే పారిపోవచ్చని కాదు. గాయపడినవాళ్లను ఆస్పత్రికి చేర్చడం డ్రైవరు బాధ్యత అని సెక్షన్ 134 చెబుతుంది. దారిన పోతూ సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా 134ఏ కాపాడుతుంది. భయం లేకుండా సాయం చేయండి.

చేయాల్సినవి

ఈ సీజను నుంచి సంఘం నాలుగు పనులు పెట్టుకుంది. మండల కేంద్రంలోనే లైసెన్సు మేళా పెట్టమని రవాణా శాఖకు అర్జీ ఇస్తాం. కొనుగోలు రోజుల్లో ధాన్యం బండి ఆపితే సెక్షన్ 207లోని ఆర్‌సీ వెసులుబాటు వాడమని పోలీసు అధికారులను కలిసి కోరతాం. ప్రతి ట్రాలీ వెనుక ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కర్లు మేమే అంటిస్తాం, ఖర్చు సంఘానిది. నాట్ల కాలంలో కూలీలను తీసుకుపోవడానికి ఊరికి ఒకటి రెండు ఆటోలు మాట్లాడి, కిరాయి రైతులంతా పంచుకునే ఏర్పాటు చేస్తాం.

మీరు చేయాల్సింది ఒక్కటే. ఈ రాత్రి ఇంటికి పోయి ట్రాక్టరు కాగితాలు బయటికి తీయండి. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది, ఇన్సూరెన్సు ఏ తేదీ వరకు ఉంది, నడిపేవాడికి లైసెన్సు ఉందా, చూడండి. లేనిది ఏదో రాసుకుని వచ్చే సోమవారం సంఘం ఆఫీసుకు రండి. కాంటా మొదలయ్యేలోపు సరిచేసుకుందాం.